ఎనిమిదిన్నర బండి

విశాఖపట్నం శివార్లలో కొండవాలు కాలనీలో జోగారావు అనే రిటైరైన బస్సు కంట్రోలరు ఉండేవాడు. ఆయనకి గడియారం కనిపించినంత బాగా మనిషి కనిపించేవాడు కాదు.

చెడ్డవాడనుకునేరు, అదేం కాదు. ఒకరి సొమ్ము ఆశించేవాడు కాదు, ఒకరి మీద చాడీలు చెప్పేవాడు కాదు. కానీ పెళ్లికి పిలిస్తే మాత్రం, ముహూర్తం నాలుగు నిమిషాలు దాటిపోయిందని పురోహితుడితో తగువు పెట్టుకుని భోజనం చేయకుండా వచ్చేసేవాడు. పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో భార్యని అడిగి, చెప్పిన టైముకి కంచం ముందు కూర్చునేవాడు. "మీరు నన్ను పెళ్లి చేసుకున్నారా, డ్యూటీలో వేసుకున్నారా?" అనేది ఆవిడ. ఆ మాటకి కూడా ఆయన వాచీ చూసుకునేవాడు.

ముప్పై మూడేళ్లు బస్టాండులో నిలబడి, విజిలు ఊది, బస్సులు పంపిన మనిషి మరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఎవరో పెళ్లివారు వస్తున్నారంటే జాలిపడి బస్సుని ఐదు నిమిషాలు ఆపాడట. ఆ ఐదు నిమిషాలకి అవతల రైలు తప్పిపోయిన ఆరుగురు ప్రయాణికులు తిరిగొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నారట. ఇక జన్మలో ఎవరి కోసమూ బండి ఆపనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్న ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా.

ఇక ఆ కాలనీ సంగతి. పాతికేళ్ల కిందట పోర్టులోనూ, షిప్‌యార్డులోనూ, బస్సు డిపోల్లోనూ పనిచేసేవాళ్లు ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల చవగ్గా స్థలాలు దొరికాయని కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. మెయిన్‌రోడ్డు జంక్షన్ నుంచి కాలనీ గేటు కిలోమీటరున్నర. గేటు దగ్గర్నుంచి కొండ మీదికి నాలుగు వీధులు, ఒకదాని పైన ఒకటి. అప్పట్లో అందరికీ స్కూటర్లుండేవి. ఒక్క కిక్కు కొడితే ఐదు నిమిషాల్లో జంక్షన్‌లో ఉండేవారు. కిలోమీటరున్నర కూడా ఒక దూరమేనా అని నవ్వుకునేవారు.

ఇప్పుడా స్కూటర్లన్నీ గోనెపట్టాలు కప్పుకుని వసారాల్లో నిలబడ్డాయి. నడిపినవాళ్లలో ఒకరికి మోకాళ్లు, ఒకరికి చూపు, ఒకరికి కళ్లు తిరగడం. ఆటోవాణ్ణి పిలిస్తే, "లోపలికొస్తే తిరుగు బేరం ఉండదండీ" అనేవాడు. షేర్ ఆటోలు మెయిన్‌రోడ్డు దిగేవి కావు. ఫోనులో కారు బుక్ చేస్తే, ఆ కారు బొమ్మ ఫోనులో కదిలి కదిలి, తీరా చెప్పులు వేసుకుని బయటికొచ్చాక క్యాన్సిల్ అయ్యేది. బైకు వెనక ఎక్కించుకుంటానని ఏ పక్కింటివాడో పెద్ద మనసు చేసుకున్నా, డెబ్బై ఏళ్ల ఆడమనిషికి కాలు లేవద్దూ! మందులకి వెళ్లాలన్నా, పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా, చెల్లెలి మనవరాలి పేరంటానికి వెళ్లాలన్నా ఎవరో ఒకర్ని బతిమాలుకోవాలి. బతిమాలుకోలేక చాలామంది ఎక్కడికీ వెళ్లడమే మానేశారు.

నాలుగో వీధి చివర పోలిరాజు అని ఒకాయన ఉండేవాడు. షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఏడేళ్లున్నా గొంతు మాత్రం ఖంగుమనేది. ఒకరోజు ఆయన కాలనీ సంఘం మీటింగులో బల్ల మీద చరిచాడు.

"మనం ఇళ్లు కట్టుకున్నామా, జైలు కట్టుకున్నామా? గేటు దాటాలంటే పెరోలు మీద వెళ్లినట్టుంది బతుకు! మనకి మనమే ఒక బండి పెట్టుకుందాం."

అలా ఎనిమిదిమంది కూర్చునే బ్యాటరీ ఆటో ఒకటి వచ్చింది. నడపడానికి పక్క ఊరి నుంచి నూకరత్నం అనే ఆవిడ కుదిరింది. ముప్పై అయిదేళ్ల మనిషి, నోరు ఊరుకోదు, చెయ్యి ఊరుకోదు. మరి ఏ టైముకి వెళ్లాలి, ఏ టైముకి రావాలి అని ప్రశ్న వచ్చినప్పుడు అందరూ జోగారావు వైపు తిరిగారు. ఆయన మొహం చూడాలి ఆ క్షణాన! రిటైరైన ఎనిమిదేళ్ల తరువాత మళ్లీ డ్యూటీ దొరికింది.

మర్నాటికల్లా గేటుకి చార్టు తగిలించాడు. పొద్దున్న మొదటి ట్రిప్పు సరిగ్గా ఎనిమిదిన్నరకి. అది జంక్షన్‌కి చేరితే అక్కడ ఎనిమిదీ యాభైకి ఊళ్లోకి వెళ్లే సిటీ బస్సు దొరుకుతుంది. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ, మెడలో పాత విజిలు, గోడకి ఒక నల్లబల్ల. ఆ బల్ల మీద రోజూ సుద్దముక్కతో రాసేవాడు: 'నేటికి పది రోజులు. ఆలస్యం సున్నా.' 'నేటికి ఇరవై రోజులు. ఆలస్యం సున్నా.' వచ్చేపోయేవాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిన పనే, కాదనను. చెప్పిన టైముకి బండి కదలడమంటే మాటలు కాదు.

నెల దాటాక ఒకరోజు పోలిరాజుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఊళ్లో ఆస్పత్రిలో పెట్టారు. రోజూ పది గంటల నుంచి పదకొండు దాకా మాట పలికించే వ్యాయామాలు చేయించేవారు. ఆయన భార్య వరహాలమ్మకి డెబ్బై నాలుగేళ్లు, నడవడానికి నాలుగు కాళ్ల స్టాండు కావాలి. పిల్లల్లేరు. మగవాళ్ల వార్డు కాబట్టి ఆవిడని అక్కడ ఉండనివ్వలేదు. "ఆ గంటసేపు మాత్రం మీరు తప్పకుండా వచ్చి పక్కన కూర్చోండమ్మా. మీరుంటేనే ఆయన నోరు కదుపుతున్నారు. మొదటి మూడు నెలల్లో వచ్చిన మాటే మాట, తరవాత కష్టం," అని డాక్టరు చెప్పాడు. పది గంటలకి ఆవిడ అక్కడ ఉండాలంటే ఎనిమిదీ యాభై బస్సు ఎక్కాలి. ఆ బస్సు ఎక్కాలంటే ఎనిమిదిన్నర బండి అందాలి.

కొన్ని రోజులు అందుకుంది. ఒకరోజు ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి నీళ్లట్యాంకు మలుపు దగ్గర కనిపించింది. స్టాండు ముందుకు వేసి ఒక అడుగు, మళ్లీ స్టాండు వేసి ఇంకో అడుగు. గేటుకి ఇంకా నలభై గజాలుంది. అక్కణ్ణుంచే చెయ్యెత్తింది.

"మామ్మగారొస్తన్నారండి," అంది నూకరత్నం.

"ఎనిమిదీ ముప్పై," అన్నాడు జోగారావు. విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఏటండీ ఇది! ఎదురుగా మనిషి కనపడతంటే..."

"డ్రైవరుకి కనపడాల్సింది మనిషి కాదు, టైము. రైట్!"

విజిలు మోగింది. ఆటో కదిలింది. వరహాలమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

రెండు రోజుల తరువాత మళ్లీ అలాగే అయింది. ఈసారి ఆవిడ తిరిగిపోలేదు. రొప్పుకుంటూ గేటు దాకా వచ్చి కుర్చీ ముందు నిలబడింది.

"రెండు నిమిషాలే కదా బాబూ! ఆయన అక్కడ నాకోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటాడు."

"మీకు ఇవాళ రెండు నిమిషాలు ఇస్తానమ్మా. రేపు ఇంకొకరు ఐదు అడుగుతారు, ఎల్లుండి మరొకరు పది అడుగుతారు. అప్పుడది బండి కాదు, సత్రం. మీరే పావుగంట ముందు బయల్దేరండి," అన్నాడు జోగారావు, వాచీ చూసుకుంటూ.

వరహాలమ్మ ఏదో చెప్పబోయింది. ఆయన అప్పటికే నల్లబల్ల వైపు తిరిగి సుద్దముక్క అందుకున్నాడు. ఆవిడ నోరు మూసుకుని, స్టాండు తిప్పుకుని, వచ్చిన దారినే కొండెక్కింది.

ఆ నెలలో అలా బండి ఆవిడకి అందిన రోజు ఒకటైతే, అందని రోజులు రెండు. ఒకరోజు జంక్షన్ దాకా నడిచేద్దామని బయల్దేరి, సగం దూరంలో మైలురాయి మీద కూలబడిపోతే పాలబ్బాయి చూసి వెనక్కి దింపాడు. ఆ తరువాత ఆవిడ గేటు వైపు రావడమే మానేసింది.

మానేసింది ఆవిడొక్కతే కాదు. రెండో వీధి పద్మనాభం మాస్టారు ఒకరోజు ఆటో ఎక్కాక కళ్లజోడు మరిచిపోయానని దిగాడు. వచ్చేసరికి బండి లేదు. ఇంకోరోజు బాత్‌రూముకి వెళ్లొస్తానన్న పెద్దాయనకీ అదే జరిగింది. ఆ వయసులో ఆ అవసరాలు చెప్పి వస్తాయా? ముసలివాళ్లు తగువు పెట్టుకోరు, మెల్లిగా తప్పుకుంటారు. వందో రోజు వచ్చేసరికి ఎనిమిదిన్నర బండిలో ఎక్కేవాడు లేడు.

జోగారావు మాత్రం వందో రోజని లడ్డూలు తెప్పించాడు. నల్లబల్ల మీద పూలదండ కూడా వేశాడు. ఎనిమిదీ ఇరవై ఎనిమిది అయింది, ఒక్క మనిషి రాలేదు.

"ఎవరికి పంచుదామండి ఈ లడ్లు? సీట్లకి తినిపిద్దామా?" అంది నూకరత్నం.

ఆయనకి ఒళ్లు మండింది. కానీ ఆ రోజు ఆయన కూడా ఊళ్లో ఆస్పత్రిలో బీపీ చూపించుకోవాలి. సరే, బండి ఎలా నడుస్తోందో చెకింగ్ చేసినట్టు ఉంటుందని తనే ఎక్కి కూర్చున్నాడు. ఎనిమిదిన్నరకి తన విజిలు తనే ఊదుకున్నాడు.

ఎనిమిదీ ముప్పై ఆరుకి జంక్షన్ వచ్చింది. ఆటో ఆగింది. నూకరత్నం చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏం, ఎందుకు ఆపావు?"

"జంక్షనొచ్చేసిందండి మరి. బస్సు యాభైకి కదా. రోజూ ఇక్కడ పద్నాలుగు నిమిషాలు ఈగలు తోలుకుంటాను. ఈ నిలబడేదేదో ఆ గేటు కాడే నిలబడితే మామ్మగారు ఎక్కేవోరు కదండీ!"

"అది లేఓవర్, ట్రిప్పు చివర బండి ఆగే టైము. ప్రతి సర్వీసుకీ ఉంటుంది. నీకు తెలీదు," అన్నాడు జోగారావు.

"నాకు తెల్దులెండి. నేను బస్సులు పంపినదాన్నా ఏటి!"

జోగారావు వాచీ చూసుకున్నాడు. కానీ ఆ పద్నాలుగు నిమిషాలూ ఖాళీ సీట్ల మధ్య కూర్చుని ఉంటే, ఎందుకో కోపం రాలేదు, సిగ్గుగా అనిపించింది. అప్పుడు రైలు తప్పిపోయిన ఆరుగురు గుర్తొచ్చారు. ఈ బండిలో అలా తప్పిపోవడానికి రైలూ లేదు, ఆరుగురూ లేరు. ఆ ఆలోచన నచ్చక బస్సు వచ్చే దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

ఆస్పత్రిలో బీపీ చూపించుకునేసరికి పది కావస్తోంది. ఈ బండి కోసం అంత పోరాడినవాడు పోలిరాజే కదా, వందో రోజు లడ్డూ ఆయనకి ఇవ్వకపోతే ఎలా అని వార్డుకి వెళ్లాడు.

పోలిరాజు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. నోరు ఒక పక్కకి జారింది. ఆ ఖంగుమనే మనిషి ఇంతలా చిక్కిపోవడం చూసి జోగారావు గుమ్మంలోనే ఆగిపోయాడు. "బాగున్నారా?" అని మాత్రం అన్నాడు. పోలిరాజు ఆయన్ని చూశాడు, లడ్డూ చూశాడు, మళ్లీ తలుపు వైపు తిరిగాడు.

మాట నేర్పే అమ్మాయి కుర్చీ లాక్కుని ముందు కూర్చుంది. "తాతగారూ, ఆ అనండి. ఆ..." పోలిరాజు పెదవి కదపలేదు. "అమ్మ అనండి. అమ్మ..." ఉహూ. చూపు తలుపు మీంచి తియ్యడు. ఎవరి చెప్పుల చప్పుడైనా మెడ సాగేది. నర్సో, ఊడ్చే ఆవిడో లోపలికొస్తే మళ్లీ మెడ వాలిపోయేది. జోగారావు పక్కనే కూర్చున్నాడు. ముప్పై మూడేళ్లు నిమిషాలు లెక్కపెట్టిన మనిషికి ఒక గంట ఎంత పొడుగుంటుందో ఆ రోజు తెలిసింది. పదకొండు కొట్టగానే పోలిరాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రోజూ ఇంతేనా అమ్మా?" అని అడిగాడు జోగారావు, వార్డు బయటికొచ్చాక.

"మామ్మగారు వచ్చిన రోజు ఇలా కాదండీ. గంటసేపూ పెనుగులాడతారు. కొద్దికొద్దిగా శబ్దాలు కూడా వచ్చాయి. రెండు వారాలై ఆవిడ రావట్లేదు, వచ్చిన శబ్దాలు కూడా పోతున్నాయి. మూడు నెలల్లో రెండు అయిపోయాయండీ." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "వాళ్ల కాలనీలో పెద్దవాళ్ల కోసం ఒక ఆటో ఉందట. కానీ దాని దగ్గర ఎవరో పెద్దమనిషి కూర్చుని, ఒక్క నిమిషం కూడా ఆపనివ్వడట. ఎలాంటి మనిషో చూడండి! మీకు తెలుసా ఆయన?"

"తెలుసు," అన్నాడు జోగారావు. నేనే అనడానికి నోరు రాలేదు.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ తల కొట్టేసినట్టే ఉంది. గేటు దగ్గర ఆటో దిగి ఇంటికి వెళ్లలేదు, నేరుగా కొండెక్కాడు. కాలనీ కట్టిన పాతికేళ్లలో ఆయన నాలుగో వీధి దాకా నడిచి వెళ్లింది రెండుసార్లో, మూడుసార్లో. మధ్యలో రెండు చోట్ల ఆగి గోడ పట్టుకోవలసి వచ్చింది. కాళ్లు బాగున్న ఆయనకే ఊపిరి అందలేదు.

వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆయన్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు. మొహం ముడుచుకుంది.

"ఆస్పత్రికి వెళ్లానమ్మా," అన్నాడు.

ఆవిడ చేతిలో చేట ఆగింది. "ఎలా ఉన్నాడు?"

"మీ కోసం తలుపు వైపే చూస్తున్నాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జోగారావు నేల చూస్తూ అడిగాడు. "పావుగంట ముందు బయల్దేరమన్నాను కదమ్మా. ఎందుకు కుదరలేదు?"

"ఈ వీధికి కుళాయి వచ్చేది ఏడూ ముప్పావుకి బాబూ. ఎనిమిదీ పావుకి ఆగిపోతుంది. ఆ అరగంటలో పట్టుకోకపోతే మర్నాటి దాకా గుక్కెడు నీళ్లుండవు. బిందె నేను మొయ్యలేను, చెంబుతో పోసుకుంటాను. ఆ తరవాత తాళం వేసి బయల్దేరితే నా కాళ్లతో ఎంత లేదన్నా పావుగంట పైనే. నీళ్లు ముందొచ్చిన రోజు మీ బండి అందేది. ఆలస్యంగా వచ్చిన రోజు అందేది కాదు."

"మరి ఈ మాట నాకు చెప్పలేదేం?"

"మీరు అడిగారా బాబూ? చెబుదామని ఆ రోజు వచ్చాను. మీరు చేతి వాచీతో మాట్లాడారు గానీ నాతో మాట్లాడలేదు."

జోగారావు గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "తప్పు నాదేనమ్మా. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు," అన్నాడు. వరహాలమ్మ ఫరవాలేదనలేదు. ఫరవాలేదు అనడానికి అదేమన్నా చిన్న సంగతా? చేట పక్కన పెట్టి, "రేపు ఎలా వెళ్లాలో అది చెప్పండి," అంది.

ఆ సాయంత్రం జోగారావు చార్టు చింపేశాడు. ఆయన విద్య ఊరికే పోలేదు, దాన్ని ఈసారి తిరగేసి వాడాడు. ఇదివరకు గేటు దగ్గర మొదలుపెట్టి లెక్క వేసేవాడు, ఇప్పుడు బస్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాడు. బస్సు ఎనిమిదీ యాభైకి. జంక్షన్‌లో నాలుగు నిమిషాలు చాలు. మిగతా టైమంతా మనుషులది. కాగితం పట్టుకుని నాలుగు వీధులూ, ఇంటింటికీ తిరిగాడు. "మీ గుమ్మం నుంచి వీధి దాకా రావడానికి మీకు ఎంతసేపు పడుతుంది?" అని ఒక్కొక్కరినీ అడిగి, వాళ్ల పేరు పక్కన రాసుకున్నాడు. ఎవరికి ఎంతసేపు పడుతుందో అంతే రాశాడు, ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు.

పద్మనాభం మాస్టారు అనుమానంగా చూశాడు. "కళ్లజోడు మరిచిపోతే?"

"వెనక్కెళ్లి తెచ్చుకోండి మాస్టారూ. రెండు నిమిషాలు రాసుకున్నాను."

మర్నాడు ఏడూ నలభై ఐదుకి జోగారావు పంచె ఎగ్గట్టుకుని నాలుగో వీధి కుళాయి దగ్గర ఉన్నాడు. బిందెలు నింపి, మోసి, వరహాలమ్మ వంటింట్లో పెట్టాడు. కొండ మీదికి ఆటో ఎక్కుతుందా అని సందేహం ఉండేది. ఖాళీగా అయితే అనాయాసంగా ఎక్కింది. ఎనిమిదీ ఇరవైకి ఆవిడ గుమ్మం ముందు ఆగింది. వరహాలమ్మ తాళం వేసింది, సంచి చూసుకుంది, మళ్లీ తాళం లాగి చూసింది. మెట్టు దిగడానికే మూడు నిమిషాలు పట్టింది. జోగారావు చెయ్యి అలవాటుగా విజిలు దాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగింది. కాలు ఎత్తి పెట్టడానికి నూకరత్నం ఒక చిన్న పీట తెచ్చింది.

"మెల్లిగానండీ మామ్మగారూ. ఇయాళ మనకి ఎవులూ విజిలు ఊదరు," అంది, జోగారావు వినేలా.

కింది వీధుల్లో ఇద్దరిని ఎక్కించుకున్నారు. పద్మనాభం మాస్టారు నిజంగానే కళ్లజోడు మరిచిపోయి దిగాడు. జోగారావు పళ్లు బిగబట్టాడు, వాచీ వైపు మాత్రం చూడలేదు. జంక్షన్ చేరేసరికి బస్సు ఇంకా రాలేదు.

సంచి మోయడానికని ఆయన కూడా ఆవిడతో ఆస్పత్రికి వెళ్లాడు. పది గంటలకి ఒక నిమిషం ముందే వార్డు గుమ్మంలో నాలుగు కాళ్ల స్టాండు టక్‌మంది. పోలిరాజు మెడ ఎత్తాడు. రెండు వారాల తరువాత భార్యని చూసి ఏడుస్తాడనుకున్నాడు జోగారావు, లేదా కోపంగా తల తిప్పుకుంటాడనుకున్నాడు. ఆయన రెండూ చేయలేదు. భార్య మొహం వంక చూడకుండా ఆవిడ కాళ్ల వైపు చూశాడు. వాచిన చీలమండలు, దుమ్ము లేని చెప్పులు. చూసి, పెదవులు కదపడం మొదలుపెట్టాడు.

"న..." అన్నాడు.

"నీళ్లా తాతగారూ?" అంది మాట నేర్పే అమ్మాయి. కాదని తల అడ్డంగా ఊపాడు. "నొప్పా?" కాదు. "న..." మళ్లీ ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. వరహాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది, తొందరపెట్టలేదు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. వార్డులో ఎవరూ ఆయన్ని ఇక చాలనలేదు. జోగారావు ఆ నోటి వంకే చూస్తున్నాడు. ఎంతసేపైందో ఆయనకి తెలియదు.

"న...డి...చా...వా?" అన్నాడు పోలిరాజు.

వరహాలమ్మ గొల్లుమంది. "లేదయ్యా, లేదు! నడవలేదు. మన గుమ్మం ముందుకే వచ్చింది బండి. కూర్చునే వచ్చాను, కూర్చునే వెళతాను. నువ్వేం బెంగపడకు." ఒక పక్క ఏడుస్తూనే, ఇంకో పక్క నవ్వుతూ ఆయన నుదురు కొంగుతో తుడిచింది.

 తలుపు వైపు చూస్తున్న మనిషి, ఇంకా రాలేదేమని భార్య మీద విసుక్కుంటున్నాడని నిన్న జోగారావు అనుకున్నాడు. ఆ మంచం మీద పడి ఉండి కూడా పోలిరాజు ఇన్నాళ్లూ తలుచుకున్నది ఆలస్యం గురించి కాదు, ఆవిడ కాళ్ల గురించి. మాట పడిపోయినవాడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న, నోరు బాగున్న తను వంద రోజుల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

బయటికొస్తుంటే మాట నేర్పే అమ్మాయి సంతోషంగా వెంట వచ్చింది. "మొత్తం మాట రావడం ఇదే మొదటిసారండీ! ఇంక రోజూ తీసుకురండి. ఈ రెండు వారాలూ కూడా వచ్చి ఉంటే ఇంకా ముందుండేవారు. పోయిన రోజులు ఎలాగూ రావు కదా."

"రావమ్మా," అన్నాడు జోగారావు. "నిన్న మీరు అడిగిన పెద్దమనిషిని నేనే." ఆ అమ్మాయి ఏమందో ఆయన వినలేదు, వరహాలమ్మ మెట్ల దగ్గర ఆగి ఉంటే వెళ్లి ఆవిడ స్టాండు అందుకుని, ఆవిడ అడుగు ఎంత మెల్లిగా పడితే అంత మెల్లిగా పక్కన నడిచాడు.

నియమాన్ని నిమిషం తప్పకుండా పాటించడం మంచిదే, కానీ అది ఎవరి మేలు కోసం పెట్టిందో ఆ మనిషినే రోడ్డు మీద వదిలేసి పోతే దానికన్నా పెద్ద తప్పు లేదు. అందుకే ముందు మనిషి కష్టం అడిగి తెలుసుకోవాలి, ఆ తరువాతే నియమం పెట్టాలి.